సన్యాసమ్మ గేదె

అనగనగా చాలా దూరంలో, నడిచి వెళ్తే చెప్పులు అరిగిపోయేంత దూరంలో, ఒక పట్నం. ఆ పట్నంలో మూడు వీధులు. మూడు వీధులకీ కూరలమ్మే మనిషి ఒక్కతే, సన్యాసమ్మ. నేను విన్నది విన్నట్టే చెబుతాను పిల్లలూ, ఏమీ కలపను.

సన్యాసమ్మకు ఎవరూ లేరు. తల మీద కూరల తట్ట, చంకన ఖాళీ కుండ. ప్రతి గుమ్మం ముందూ ఆగేది. "బియ్యం కడిగిన నీళ్ళుంటే పొయ్యండమ్మా" అనేది. ఎలాగూ పారబోసే నీళ్ళే కదా, అందరూ పోసేవాళ్ళు.

మొదటి రోజే పెద్ద వీధి పైడమ్మ అడిగింది. "గేదెకా?"

కడుగు నీళ్ళు అడిగితే గేదెకు కుడితి కోసమేనని ఎవరైనా అనుకుంటారు. సన్యాసమ్మకు గేదె లేదు. పాత కోటగోడ వెనక ఎవరికీ పట్టని రాళ్ళనేల ఉంది. ఆ రాళ్ళు ఏరి వంగ, గోంగూర, ఆనప పెట్టుకుంది. అక్కడ బావి లేదు. మట్టిలో పోస్తానంటే నీళ్ళిస్తారో ఇవ్వరో. ఆ భయంతో అవునన్నట్టు తల ఊపింది.

ఆ రోజు నుంచి మూడు వీధులూ గేదె గురించే అడిగేవి.

"గేదె బాగుందా?"

"బాగానే ఉందమ్మా."

"మేత మేస్తోందా?"

"మేస్తోందమ్మా."

"ఈ గోంగూర అది తినగా మిగిలిందేనా ఏమే?" అని నవ్వేవాళ్ళు. సన్యాసమ్మా నవ్వేది. రోజు మొత్తం మీద ఆమెతో ఎవరైనా మాట్లాడే మాటలు అవే. అవి కూడా లేకపోతే ఆమెకు ఇంకే మాటా లేదు.

కానీ ఆ అబద్ధం ముద్ద దిగనిచ్చేది కాదు. ఒక ఎండాకాలం పొద్దున నిజం చెప్పేద్దామని బయల్దేరింది. నీళ్ళు ఆగితే మొక్కలు ఎండిపోతాయి. మాటలు ఆగితే? అయినా బయల్దేరింది.

మొదటి వీధిలో, "పైడమ్మగారూ, నాకు గేదె..." అంది.

"తెలుసులేవే, చూడిది కదా! ఈనిందంటే మొదటి జున్నుపాలు మా ఇంటికే. మరిచావో, చూడు!" అంది పైడమ్మ.

రెండో వీధిలో, "ఒక మాట చెప్పాలమ్మా" అంది.

"మాట తర్వాత, ముందు వంకాయలు చూపించు. నిన్నటివన్నీ పుచ్చులే" అంది ఆ ఇల్లాలు.

మూడో వీధిలో నీళ్ళు గుమ్మం బయట పెట్టి ఉన్నాయి. తలుపు మూసి ఉంది.

సన్యాసమ్మ చెప్పకుండానే తిరిగి వెళ్ళింది.

కొన్నాళ్ళకు ఒక రోజు ఆమె రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజూ రాలేదు. గుమ్మాల ముందు కడుగు నీళ్ళు పులిసిపోయాయి.

"అయ్యో, గేదె ఏమైపోతోందో! నోరులేని జీవం" అన్నారు ఆడవాళ్ళు. కుడితి బిందెలు ఎత్తుకుని, ఆమె రోజూ వెళ్ళే దారి పట్టుకుని, కోటగోడ వెనక్కి వెళ్ళారు.

గేదె లేదు. గుంజ లేదు. పేడ లేదు. వాడిపోయిన వంగమొక్కలు ఉన్నాయి. పక్కన చిన్న పాక. పాకలో చాప మీద సన్యాసమ్మ. ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ తెలీదు.



"మూడేళ్ళు రోజూ గేదె గురించి అడిగాను. నువ్వెలా ఉన్నావే అని ఒక్కనాడూ అడగలేదు" అంది పైడమ్మ.

తెచ్చిన నీళ్ళు వంగమొక్క మొదట్లో పోసింది. మిగతావాళ్ళూ పోశారు.

ఆ మళ్ళు ఎండిపోలేదు. మూడు వీధులూ వంతులేసుకుని నీళ్ళు మోశాయి. ఆధారం లేనివాళ్ళెవరైనా వస్తే పండించుకోమని ఒక మడి ఇచ్చారు. కూర్చుని అమ్ముకోమని తమ అరుగు ఇచ్చారు. అలా ఆ పట్నంలో గోడల వెనకా, దిబ్బల మీదా కూరలు పండాయి.

ఇప్పటికీ అక్కడ కూరల తట్ట దిగగానే ఎవరూ కాయ ముట్టుకోరు. "ఎలా ఉన్నావు? తిన్నావా?" అని అడుగుతారు. జవాబు వినేదాకా ఆగుతారు. కూరలమ్మే మనిషి ఒక పూట రాకపోతే, రెండో పూట దాకా చూడరు. ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తడతారు.

కూరల సంచీ మాత్రం తీసుకెళ్ళరు, వెళ్ళేది మనిషి కోసం.