గోరింక మొదటి కూత

తుమ్మలబీడులో పొద్దు పొడవాలంటే సూర్యుడు కూడా గోరింకని అడిగి పొడిచేవాడు. బీడు నడుమ తాడిచెట్టెక్కి అది వార్తలు కూయందే కోడి లేచేది కాదు, కుందేలు కలుగు దాటేది కాదు. ఇక్కడ కూస్తే వాగు అవతలి మందలు మేత మాని తలలెత్తేవి. కొండ ఓసారి విని, బాగుందని మళ్ళీ వినిపించేది.

మొదటి కూత బీడుకంతటికీ పనికొచ్చే కబురు. చివరి కూత తప్పిపోయినవాళ్ళది. "చెవి చీలిన మేకపిల్ల రేగుపొదల దగ్గరుంది, తల్లి వచ్చి తీసుకెళ్ళాలి" అని కూస్తే, కూత ముగిసేలోగా తల్లీ పిల్లా కలుసుకునేవి. ఆ రోజులే వేరు.

తర్వాత బీడు పెద్దరికానికి ఎన్నిక వచ్చింది. పున్నమికి పోటీ. నక్క నిలబడింది. తాడిచెట్టు మొదట్లో పిల్లులు రాకుండా కాపలా కాసింది, రోజూ మిడతల విందు పంపింది. గోరింక తాటిమట్ట వంగేంత లావెక్కింది. దాని గొంతు నక్క వైపు తిరిగింది.

సరిగ్గా అప్పుడే గేదె నల్లమ్మ పెయ్యదూడ వాగు వరదలో కొట్టుకుపోయింది. అవతల గట్టెక్కిందేమో, ఎవరైనా చూశారేమో అని నల్లమ్మ తెల్లారగట్లే తాడిచెట్టు కేసి చెవులు రిక్కించి నిలబడేది. పాలు చేపుకొచ్చి నేలపాలయ్యేవి. ఆ చోట గడ్డి ఏనుగు మునిగేంత ఎత్తు పెరిగింది గానీ, దాన్ని మేసే బిడ్డ లేదు.

"గోరింకయ్యా, నా పెయ్య సంగతి ఇవాళైనా కూస్తావా?"

"చోటెక్కడుందమ్మా? నక్కగారికి నిన్న దగ్గొచ్చింది, అది మొదటి కూత. తగ్గింది, అది రెండోది. మళ్ళీ రాదని నమ్మకం, అది చివరిది."

"చెరువు గట్టు తెగి కుందేళ్ళ కలుగులు మునిగాయి. అదైనా చెప్పావా?"

"చెప్పకేం? 'ఇంటింటికీ నీళ్ళు, నక్కగారి చలవ' అని కూశాగా."

కింద రేగాకు నములుతున్న ముసలి మేకత్త కిసుక్కున నవ్వింది. "మునిగినవాళ్ళని అడిగే కూశావుటయ్యా?"

"వాళ్ళది ఫిర్యాదు మేకత్తా. ఫిర్యాదుకి సాక్షులు కావాలి. మా పద్ధతి అది."

"మరి చలవకో?"

"పొగడ్తకి సాక్ష్యం అడిగితే మర్యాదగా ఉంటుందా?"

మేకత్త గడ్డం ఊపింది. ఆ గడ్డం ఊగిందంటే ఆ పూట ఎవరో ఒకరు నవ్వులపాలే. నల్లమ్మని పక్కకి పిలిచి, "నీ బిడ్డ పేరున పోతే చోటు లేదే పిచ్చిదానా. నక్క పేరున పంపు" అంది.

"అబద్ధమాడమంటావా అత్తా?"

"పెద్దరికం అడిగేవాడు చెయ్యాల్సిన పనే చెప్పమంటున్నా. చెయ్యకపోతే అబద్ధం వాడిది, నీది కాదు."

నల్లమ్మ వెనక్కి వెళ్ళింది. "అయ్యా, నక్కగారిది ఎంత దొడ్డ మనసయ్యా. నుదుట తెల్లచుక్క, వంకర తోక ఉన్న నా పెయ్యని వాగు అవతల తానే వెతికి తెస్తారట. అందాకా మాంసం ముట్టనని ఒట్టు పెట్టుకున్నారట."

గోరింక కళ్ళు మెరిశాయి. సాక్షుల మాట ఎత్తలేదు.

మర్నాడు అదే మొదటి కూత, అదే చివరి కూత. నక్క అప్పుడే ఎండ్రకాయని నోట పెట్టబోతోంది. బీడంతా దాని నోటికేసి చూసింది. ఎండ్రకాయ కూడా చూసింది, చూసి నింపాదిగా నడిచి వెళ్ళిపోయింది.

నక్క తాడిచెట్టు కిందకి ఉరికింది. "ఎవడు చెప్పాడురా నీకు?"

"పొగడ్తే కదా దొరా, అడగలేదు."

"రేపు కాదని కూయి."

"అలాగే. కానీ ఇది కాదంటే, ఇంటింటికీ నీళ్ళ మాటేమిటని అడుగుతారు. పున్నమి దగ్గరపడింది మరి."

నక్క చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

ఈలోగా అవతలి గట్టు మందలోంచి కేక వచ్చింది. "చుక్క పెయ్య మా దగ్గరే ఉంది. ఎవరి బిడ్డో తెలియక మేమే సాకుతున్నాం. మీ నక్కని రమ్మనండి."

నల్లమ్మ వాగు గట్టుకి పరిగెత్తింది. ఒక్క కూత. ఇన్నాళ్ళ ఎదురుచూపూ ఒక్క కూత దూరం.

రెండు గట్లూ చూస్తుండగా నక్క వాగులో దిగింది. ఈదిందనకూడదు, వాగే జాలిపడి మోసింది. తిరుగుదారిలో పెయ్య తోక కరుచుకుని వేలాడుతూ వచ్చింది. బీడు చేరేసరికి నక్కలో మీసాలు తప్ప ఏమీ మిగల్లేదు.

నల్లమ్మ బిడ్డ నుదుటి చుక్కని నాకుతూనే ఉంది. చుక్క అరిగిపోతుందని మేకత్త అడ్డుపడాల్సి వచ్చింది.

మర్నాడు తాడిచెట్టు కింద బీడంతా వరస కట్టింది. "చెరువు గట్టు నక్కగారే గోళ్ళతో కడతారట" అన్నాయి కుందేళ్ళు. "రోజూ నా వీపు గోకుతారట" అంది ఏదుపంది. అన్నీ పొగడ్తలే కనక గోరింక అన్నిటినీ గొంతెత్తి కూసింది. కూత పూర్తి కాకముందే నక్క బీడు దాటి పారిపోయింది. పెద్దరికానికీ దానికీ మధ్య నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం మిగిలింది.

ఇప్పుడూ గోరింక కూస్తుంది. కోడి మాత్రం తనంతట తనే లేస్తుంది, కుందేళ్ళు చెరువు గట్టు దగ్గరికెళ్ళి కళ్ళారా చూసుకుంటాయి. నల్లమ్మ ఒక్కతే, పక్కన పెయ్య ఆనుకుని పడుకున్నా సరే, తెల్లారగట్ల ఆ చెట్టు కేసి చెవులు రిక్కిస్తుంది.

"బిడ్డ వచ్చిందిగా, ఇంకా ఎవరికోసమే?" అంది మేకత్త.

"పాత చివరి కూత కోసం అత్తా. ఎక్కడో ఇంకో తల్లి కూడా నాలాగే నిలబడి ఉంటుంది."

పొగడ్తకి సాక్ష్యం అడగని గొంతు, ఒకనాడు నిజమే కూసినా దానికి సాక్షులు దొరకరు.