కప్పలు అరవని మడి

"గురువుగారూ, మడుగులో రెండు గంపల సున్నం చల్లితే ఈ కప్పల గోల వదులుతుంది. సెలవిస్తారా?" అని అడిగాడు శేషాచలం. సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఆశ్రమంలో తొలివాన పడింది మొదలు అతనికి ధ్యానం కుదరడం లేదు. చదువుకున్నవాడు కనక సందేహాలు తక్కువ, సలహాలు ఎక్కువ. సుబోధానందులవారు మాత్రం దేనికీ వెంటనే ఔననీ కాదనీ అనరు. "రేపు నాంచారమ్మ నారు పోస్తోంది. తొలి పిడికిలి నన్ను చల్లమంది. నువ్వూ రా, తరవాత చూద్దాం" అన్నారు.

నాంచారమ్మ మడి రొయ్యల చెరువుల పక్కన. ఏడాదంతా దాచిన విత్తనాలు నానబెట్టి, మండె కట్టి, మొలకెత్తించి గంపలో తెచ్చింది. మొలక వచ్చాక ఇక ఆపడానికి వీల్లేదు, ఆ రోజే చల్లెయ్యాలి. మడికి నీళ్ళు పెట్టే పక్క బోదె వాననీటితో నిండుగా ఉంది.

"అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉంది!" అన్నాడు శేషాచలం.

స్వామి పిడికిలి నింపుకున్నారు గానీ విప్పలేదు. "కప్పలేవమ్మా?"

"ఏమో సావీ, ఈయేడు రాలేదండి. నీళ్ళు మాత్రం తియ్యగానే ఉన్నాయి, పొద్దున్నే దోసిట్లో తాగి చూశాను గదండీ."

స్వామి తన చెంబు శిష్యుడి చేతికిచ్చారు. మూతి అరచేత్తో మూసి, బోదె అడుగుదాకా ముంచి, అక్కడ చెయ్యి తియ్యమన్నారు. ఆ నీళ్ళు నోట్లో పోసుకున్న శేషాచలం థూ అని ఉమ్మేశాడు. కటిక ఉప్పు! రొయ్యల చెరువుగట్టుకు ఎక్కడో గండి పడి ఉప్పునీరు బోదె అడుగున చేరింది. దాని మీద వాననీరు తేలింది. ఆ నీళ్ళు మడికి పెడితే మొలకలు మాడిపోయేవి.

నాంచారమ్మ గట్టు మీద కూలబడింది. "ఇయ్యి పోతే నాకు గింజ లేదు సావీ."

"పోవమ్మా. మనం నాలుకతో రుచి చూస్తాం, కప్ప ఒళ్ళంతా రుచి చూస్తుంది. మా మడుగు పక్క మడి ఖాళీగానే ఉంది, లే" అన్నారు స్వామి.

గంప శేషాచలం నెత్తికెక్కింది. మధ్యాహ్నానికల్లా ఆశ్రమం మడి దున్ని, దమ్ము చేసి, విత్తనాలు చల్లారు. కప్పలు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. శేషాచలం బురద చేతులు కడుక్కుంటూ, తాను ముందే తెచ్చి మూల పెట్టుకున్న సున్నం గంపల వైపు చూడలేక చూశాడు.

స్వామి నవ్వారు. "ధ్యానానికి కప్పల గోల అడ్డమన్నావు కదూ నాయనా? పొద్దున చూసిన మడిలో కూర్చో. అక్కడ గోల లేదు. బియ్యం మాత్రం ఇక్కణ్ణించి పట్టుకెళ్ళు."