ఒక్క బటను దోశ

పిఠాపురం బస్టాండు వెనక వీర్రాజు హోటలు. వీర్రాజుకీ, పెళ్ళాం నూకరత్నానికీ, తమ్ముడు పోతురాజుకీ తెలివిలో తమని మించినవాళ్ళు జిల్లాలోనే లేరని గట్టి నమ్మకం. జిల్లాకి ఆ సంగతి ఇంకా తెలీదు.

వాళ్ళు దోశ యంత్రం కొన్నారు. దానికి తొమ్మిది బటన్లు. పిండి పోసే దశకి ఒకటి, పరిచే దశకి ఒకటి, కాల్చే దశకి ఇంకోటి, ఇలా. వరస తప్పితే కుయ్యోమని మొండికేస్తుంది.

"అన్నీ ఒకేసారి నొక్కితే తొందరగా అయిపోద్ది అన్నయ్యా," అన్నాడు పోతురాజు. ఆరు చేతులు చాలక మూడు ముక్కులు కూడా ఆనించారు. ఇంకేముంది, పొగ!

మెకానిక్ మస్తాను వచ్చి తల పట్టుకున్నాడు. "మీకు తొమ్మిదెందుకండీ బాబూ! ఏ దశలో ఉందో యంత్రానికే తెలుసు. ఒక్క బటనే ఉంచుతాను. నొక్కితే తరవాతి పని అదే చేస్తుంది. పనయితే గంట మోగుద్ది, మళ్ళీ నొక్కండి. మధ్యలో ఆగిపోతే మొదటికి తీసుకురండి."

అంతే, పీకేసిన ఎనిమిదీ ఎందుకైనా పనికొస్తాయని నూకరత్నం కొంగున ముడేసుకుంది.

మర్నాడు హాస్టలు వార్డెన్ భూషణంగారు రుచి చూడ్డానికి వచ్చారు. దోశ నచ్చితే రెండొందలమంది పిల్లల టిఫిను వీళ్ళకే. నచ్చకపోతే హోటలు మూతే.

పోతురాజు నొక్కాడు. పిండి పడింది. గంట మోగింది. "పనయింది వదినా!" అంతే, పచ్చి పిండి ఎత్తి ప్లేటులో పెట్టేశారు.

"కాల్చలేదేమయ్యా?" అన్నారు భూషణంగారు.

"అది తరవాతి దశండి," అన్నాడు వీర్రాజు ఓపిగ్గా.

మళ్ళీ నొక్కారు. ఉత్త పెనం మీద గరిటె గిరగిరా తిరిగింది. గంట! ఖాళీ ప్లేటు పెట్టారు. మళ్ళీ నొక్కారు. ఉత్త పెనం ఎర్రగా కాలింది. గంట! "కాలిందండోయ్!" అని పట్కారుతో పెనాన్నే ఊడబీకి ఆయన ముందు పెట్టారు. బల్ల భగ్గుమంది.

భూషణంగారు కుర్చీలోంచి లేవబోయి, సగంలోనే కొయ్యబారిపోయారు.

"పాపం, మధ్యలో ఆగిపోయారండీ. మస్తాను మొదటికి తీసుకురమ్మన్నాడుగా!" అంది నూకరత్నం.

ఇంకేముంది, అన్నదమ్ములు ఆయన్ని రెక్కలు పట్టుకుని రోడ్డు మీదికి నడిపించి, హెల్మెట్ తొడిగి, స్కూటరెక్కించారు. "మీరింకా రాలేదండి. ఇప్పుడు రండి."

ఆయన కదల్లేదు. పోతురాజు ఆయన పొట్ట మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కాడు.

"చచ్చాన్రోయ్!" అని కేకేసి, భూషణంగారు స్కూటరు తీసుకుని ఎదురుగా ఉన్న హోటలు ముందు కూడా ఆగకుండా, వెనక్కి చూడకుండా, ఊరు దాటిపోయారు.

వీర్రాజుకి సంతోషంతో కళ్ళు చెమర్చాయి. "గంట మోగింది తమ్ముడూ! రత్నం, రెండొందల ప్లేట్లు కడిగెయ్, తరవాతి దశ పిల్లలే!"