తీతువు కూసిన పూట

శరభాచారి అయివారిని ఏదైనా అడిగితే ఆ పూట జవాబు రాదు. "సరే, చూద్దాంలే నాయనా" అంటారు, కండువాతో మోకాలు దులుపుకుంటారు, ఇంకో మాటలో పడతారు. జవాబు మూడో నాడో ముప్పయ్యో నాడో, దారిలోనో పొలంలోనో, అడిగినవాడు అడిగిన సంగతే మరచిపోయాక వస్తుంది. ఓబులేసుకు ఈ సంగతి బాగా తెలుసు. తెలిసినా ఈసారి ఆగలేకపోయాడు.

ఓబులేసు బోర్డులు రాసేవాడు. చిన్నప్పుడు అయివారి దగ్గర దిద్దిన అక్షరాలే ఇప్పుడతనికి అన్నం పెడుతున్నాయి. సాయంత్రాలు ఇప్పటికీ ఆయన అరుగెక్కి పద్యాలకు అర్థాలు చెప్పించుకుంటాడు. నిరుడు వానాకాలంలో ఊరి పక్క వాగు మొగలివంకకు ఉన్నట్టుండి నీళ్ళొచ్చి ఇద్దరు గొర్రెల కాపరులు కొట్టుకుపోయారు. వంక దాటే చోట పెద్ద బోర్డు పెట్టమని పంచాయతీకి కాగితం వచ్చింది. బోర్డు మీద ఏం ఉండాలో ఆ కాగితంలో ఒకే ఒక్క ఇంగ్లీషు మాటలో చెప్పారు: అలారం. దానికి సరైన తెలుగు చూసి రాసే భారం ఓబులేసు మీద పడింది.

నిఘంటువు తెరిచాడు. హెచ్చరిక అని ఉంది. పక్కనే అపాయసూచన. కింద కలవరం. దాని కింద గాభరా, బెదురు, ఉలికిపాటు. ఆఖరున గంట.

"నాకు తల తిరుగుతాంది అయివారూ" అన్నాడు. "హెచ్చరిక అంటే ఒకడు చెప్పేది. గాభరా అంటే ఇంకొకడు పడేది. రెంటినీ తెచ్చి ఒకే గాటన కట్టేసినారు. నేను ఏది రాస్తే మనిషి మునక్కుండా ఉంటాడు?"

"మొత్తం ఎన్ని ఉండాయి మాటలు?"

"ఏడు."

"శానా ఉండాయే! సరే, చూద్దాంలే నాయనా." అయివారు మోకాలు దులుపుకున్నారు.

నాలుగో నాడు ఓబులేసు భార్య మద్దిలేటమ్మను కానుపుకు పుట్టింటికి తీసుకుపోవడానికి ఆమె మేనత్త సుంకమ్మ వచ్చింది. పిల్లకు తొమ్మిదో నెల. ఆటో ఇసకలోకి దిగదు కాబట్టి అవతలి గట్టునే ఆగి ఉంది. ఎండిన వంకను నడిచి దాటాలి. పక్క ఊళ్ళో పని ఉందని అయివారు కూడా వాళ్ళతో బయలుదేరారు. ఊరి మీద మబ్బు తునక లేదు. ఎగువన కొండల మీద మాత్రం పొద్దున్నుంచీ నల్లగా ఉంది. చూడక కాదు, అందరూ చూశారు. వాన కొండది, ఎండ మనది అనుకున్నారు.

సగం ఇసక నడిచారో లేదో, గులకరాళ్ళలోంచి తీతువు పిట్ట ఒకటి దిగ్గున లేచింది. తీ, తీ, తీతీతీ అని వాళ్ళ నెత్తిన గిరికీలు కొడుతూ ఒకటే అరుపు.

సుంకమ్మ ఆగిపోయింది. "ఓయమ్మా! నిండు కడుపు మీద తీతువు కూసె గదే! ఇంక ఒక్క అడుగు ముందుకు పడేదానికి లేదు. కూచోండి."

శకునం చెడితే కాసేపు కూచుని, నాలుగు గుక్కల నీళ్ళు తాగి లేవడం ఆ ఊళ్ళలో వాడుక. గడప దగ్గర చెడితే గడప దగ్గర కూచుంటారు. ఆ పూట నడివంకలో చెడింది.

"గట్టెక్కినాక కూచుందాం లే అత్తా" అన్నాడు ఓబులేసు.

"చెడిన చోటే కూచోవాల అల్లుడా. బోర్డులు రాసేటోనివి, నాకు శాస్త్రం చెప్పొచ్చినావా?"

"కూచుంటా గానీ, మళ్ళ నన్ను లేపేది మీరే" అంది మద్దిలేటమ్మ, అత్త భుజం పట్టుకుని ఇసకలోకి దిగబడుతూ. సుంకమ్మ చెంబు మూత తీసింది.

ఓబులేసుకు నవ్వొచ్చింది. అంతలో పిట్ట మళ్ళీ అరిచింది. అతని చూపు భార్య కడుపు మీదికి పోయింది, నవ్వు అక్కడే ఆగిపోయింది. తానూ కూచున్నాడు. గుండె దడదడ కొట్టుకుంటోంది. దీన్నేమంటారు? బెదురా, కలవరమా, ఉలికిపాటా? ఒక మాట చేతికి అందేలోగా ఇంకొకటి జారిపోతోంది. పిట్ట చెప్పింది తనకు అందిందా, అందింది తన భయమేనా? ఏమీ తేలడం లేదు.

అయివారు ఒక్కరే కూచోలేదు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు.

"ఓబులేసూ, అది మనల్ని చూసి అరవడం లేదురా."

నిజమే. పిట్ట ఇప్పుడు వాళ్ళ నెత్తి మీద లేదు. ఎగువకు పోయి ఒకచోట వాలబోయి లేస్తోంది, మళ్ళీ వాలబోయి లేస్తోంది. అక్కడ ఇసకకు అడ్డంగా గోధుమరంగు గీత ఒకటి కనిపించింది. ఎండుటాకులు, పుల్లలు, నురగ. ఆ గీత కదులుతోంది.

"లెయ్! అత్తా, లెయ్! మద్దీ, లెయ్, లెయ్!"

భార్యను చంకల కింద చేతులేసి ఎట్లా లేపాడో అతనికే తెలియదు. వచ్చిన దారినే వెనక్కి పరుగు. ఇసక కాళ్ళను లాగుతోంది. అయివారు పంచె ఎగ్గట్టి మద్దిలేటమ్మ రెండో చెయ్యి పట్టుకున్నారు. పాదాలకు తడి తగిలింది, మడమలు మునిగాయి, గట్టు అంచు చేతికి అందేసరికి మోకాళ్ళ దాకా వచ్చింది. ఒకరినొకరు లాక్కుని పైన పడ్డారు. చూస్తుండగానే వంక ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నిండిపోయింది. నీళ్ళ చెంబు నీళ్ళలోనే పోయింది.

మద్దిలేటమ్మ కడుపు మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు రొప్పింది. "తన్నుతాండాడు" అని, అప్పుడు ఏడ్చింది.

"చూస్తిరా? తీతువు కూస్తే ఉత్త పుణ్యానికి పోదు" అంది సుంకమ్మ.

కూచోకుండా ఉంటే ఈపాటికి అవతలి గట్టున ఉందుము గదా అనబోయాడు ఓబులేసు. కానీ పిట్ట అరవకపోతే నీళ్ళు వచ్చేది చూసేవాళ్ళమా? అరిచింది కాబట్టి కూచున్నారు, అరిచింది కాబట్టి లేచారు. ఎటు తిప్పినా దారం కొస దొరకలేదు.

వంక మీద పిట్ట ఇంకా అరుస్తూ తిరుగుతోంది.

"దాని గుడ్లు ఆ రాళ్ళ మధ్యనే ఉండినట్టుంది" అన్నారు అయివారు. "అది మనకేం చెప్పలేదు నాయనా. దాని బాధ అది పడింది."

"అట్లయితే అది హెచ్చరికా అయివారూ, గాభరానా? నేను బోర్డు మీద ఏం రాయాల?"

అయివారు పంచె అంచు పిండుకున్నారు. "ఇందాక నువ్వేమని అరిచినావు?"

ఓబులేసు ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు.

"ఏమనేదేంది!" అంది సుంకమ్మ. "లెయ్ లెయ్ అని నా చెవులు గింగురుమనిపించె. పిల్లనిచ్చిన ఇంటి అత్తను పట్టుకుని 'లెయ్' అంటాడా ఎవుడన్నా!"

అయివారు అలవాటు కొద్దీ మోకాలు దులుపుకోబోయారు. పంచె తడిసి మోకాలికి అంటుకుపోయింది.

"ఇంటికి పోయినాక, ఆ ఏడు మాటల్లో 'లెయ్' యాడుందో చూడు నాయనా" అన్నారు.