ఇంట్లో మూడో వంతు

రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చాలకపోతే నేల మీద కూర్చోండి గానీ గుమ్మంలో మాత్రం వద్దు. సుభద్రా, తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకో. నేను చెబుతుంటే మీరు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథా ఆగిపోతుంది, తెలిసిందా?

అనగా అనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో పాపయ్య అని పడవ నడిపేవాడు ఉండేవాడు. వాడి పెళ్ళాం నూకరత్నం. వాళ్ళకో చంటిపిల్ల. సొంతిల్లు లేదు పాపం. ఈ ఇంటివాడు పొమ్మంటే ఆ ఇంటికి, ఆ ఇంటివాడు పొమ్మంటే ఇంకో ఇంటికి. చాప చంకన, చేట నెత్తిన, చెంబు చేతిలో. ఐదేళ్ళలో ఏడిళ్ళు మారారు. చాప చంకన, చేట నెత్తిన, చెంబు చేతిలో, చివర్రెండిళ్ళకీ పిల్ల భుజాన.

అలా ఉండగా రేవు పక్కన రెండు గదుల పెంకుటిల్లు అమ్మకానికొచ్చింది. ఆ ఇల్లు చూసొచ్చిన రోజు నూకరత్నానికి అన్నం సయించలేదట. వెలలో రెండు వంతులు వాళ్ళే కూడబెట్టుకున్నారు. మూడో వంతు ఎక్కణ్ణించి తేవాలి?

పాపయ్యకి ముత్యాలమ్మ అని ఒక పెద్దమ్మ ఉంది. పిల్లాజెల్లా లేరు, అప్పడాలు ఒత్తి అమ్ముకుని బతికే మనిషి. సంగతి తెలిసి తనే నడిచొచ్చింది. ఒక చేతిలో డబ్బు మూట, ఇంకో చేతిలో నిండు చెంబు నీళ్ళు.

నీళ్ళెందుకంటారా? అది ఆ ఊరి ఆచారం. ఇల్లు కొనుక్కోమని ఎవరైనా సొమ్మిస్తే, నలుగురి ముందు పుచ్చుకునేవాళ్ళ దోసిట్లో నీళ్ళు పోసి, "ఇది నీది, నాది కాదు" అని మూడుసార్లు అనాలి. అప్పటికిగానీ ఇచ్చినట్టు కాదు. అప్పిచ్చేవాళ్ళు నీళ్ళు పొయ్యరు.

ముత్యాలమ్మ చెంబెత్తింది. పాపయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊరుకో పెద్దమ్మా, మనలో మనకి ఇవన్నీ ఏంటి? నిన్ను నమ్మకనా?"

"అది కాదురా నాయనా, ఒక్క మాట..."

"తర్వాత చూద్దాంలే, అమ్మేవాడు అవతల కాచుక్కూర్చున్నాడు" అంటూ మూట అందుకుని పరిగెత్తాడు.

ఆవిడ నిండు చెంబు నిండుగానే ఇంటికి మోసుకుపోయింది. ఎనిమిదో రోజున పోయింది. మంచం పక్కన ఆ చెంబు అలాగే ఉందట, నిండుగా.

ఊ కొడుతున్నారా? ఆఁ.

కొత్తింట్లో చేరారు. నూకరత్నం గుమ్మం ముందు ముగ్గుపిండితో మూడు గీతలు గీసింది. నడుం ఎత్తి చూస్తే రెండే ఉన్నాయి. చెరిగిన గుర్తయినా లేదు. దీపంలో మూడు వత్తులు వేసింది. మూడోది అంటుకోలేదు. పొగలు కక్కే కుండలోంచి మూడు ముద్దలు తీసింది. మూడో ముద్ద ఏటి అడుగున ఉండే రాయిలా చల్లగా ఉంది.

అంతేనా? మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా కదలని వేళకి, లోపలి గది మూలనించి చప్పుడు. టప్... టప్... ఏరే సన్నబడ్డ ఎండలు, కప్పులో చుక్క నీరు లేదు. వెళ్ళి చూస్తే మూలన నేల మీద గుండ్రంగా తడి. తుడిస్తే మళ్ళీ తడి.

పొరుగూరి నించి భూతవైద్యుణ్ణి తెచ్చారు. వాడు మూడు నిమ్మకాయలు పెట్టాడు. రెండు తెగాయి, మూడోదాంట్లో కత్తి దిగలేదు. ముందే పుచ్చుకున్న మూడు రూపాయలు తడుముకుంటే రొంటిన రెండే ఉన్నాయి. "మీ ఇంట్లో నాకంటే గట్టి లెక్కల పంతులమ్మ ఉంది తల్లీ!" అని సంచీ కూడా వదిలేసి ఉడాయించాడు. నవ్వకండి, మీరైతే ఇంకా ముందే పారిపోదురు.

పెద్దమ్మ డబ్బు తిరిగిమ్మంటోందేమోనని పాపయ్యకి గుబులు పుట్టింది. పడవ తాకట్టు పెట్టి అంత సొమ్మూ మూలన పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నానికి మూట గుమ్మం బయట పడి ఉంది, ఎవరో కోపంగా విసిరేసినట్టు.

ఆ మూట చూస్తూ నూకరత్నం లెక్క వేసుకుంది. మూడు గీతల్లో మూడోది లేదు. మూడు వత్తుల్లో మూడోది వెలగదు. మూడు ముద్దల్లో మూడోది చల్లన. మరి ఇంట్లో మనుషులెందరు? పాపయ్య ఒకడు, తనతో ఇద్దరు...

లోపలికి పరిగెత్తింది. ఉయ్యాల్లో పిల్ల కళ్ళు తెరిచే ఉంది, మూలకేసి చూస్తోంది. గిల్లితే ఏడవలేదు. అరికాళ్ళు ముట్టుకుంటే ఏటి అడుగున ఉండే రాయి.

పాపయ్య బయటికి పదమని అరిచాడు. నూకరత్నం పిల్లని గుండెకి హత్తుకుంది గానీ గుమ్మం వైపు వెళ్ళలేదు. మూలకే వెళ్ళి ఆ తడి మరకని తేరిపార చూసింది. గుండ్రంగా, సరిగ్గా చెంబు అడుగంత.

"మీ పెద్దమ్మ తీసుకోడానికి రాలేదయ్యా, ఇవ్వడానికొచ్చింది. ఆ రోజు ఇవ్వనిచ్చామా మనం?" అంది.

ఇరుగుపొరుగుల్ని నలుగుర్ని కేకేసింది. మూల ముందు కూర్చుని, ఇద్దరూ దోసిళ్ళు కలిపి, మధ్యలో పిల్ల చేతులు పెట్టారు. "పెద్దత్తా, మొహమాటానికి పోయి నీ మాట నోట్లోనే ఆపేశాం. అప్పిచ్చావో, ఊరికే ఇచ్చావో, ఇప్పుడు చెప్పు" అని అడిగింది నూకరత్నం.

గాలి ఆగిపోయింది. ఇంగువ వాసన, అప్పడాల పిండి వాసన. ఎత్తిన చెంబూ లేదు, పట్టిన చెయ్యీ లేదు, దోసిళ్ళలో చల్లటి నీళ్ళు పడ్డాయి.

"ఇది నీది, నాది కాదు."

నలుగురూ విన్నారు. మళ్ళీ నీళ్ళు.

"ఇది నీది, నాది కాదు."

మూడోసారి నీళ్ళు పడలేదు. మాటా రాలేదు. పిల్ల రెప్ప వాల్చలేదు. నిండు చెంబుతో వెనక్కి పంపేశారాయె, ఆవిడకి మనసులో కష్టం ఉండదూ?

అప్పుడు పాపయ్య బావురుమన్నాడు. "తప్పైపోయింది పెద్దమ్మా. నీ నోటితో విన్నాకే పుచ్చుకుంటాను."

నీళ్ళు పడ్డాయి, చెంబంతా ఒంపేసినట్టు. "ఇది నీది... నాది కాదురా నాయనా."

పిల్ల కెవ్వుమంది! ఒళ్ళు వెచ్చబడింది. దోసిట్లో నీళ్ళు నేల మీద పారి, గుమ్మం దాటి, ఎండలోకి వెళ్ళి ఆరిపోయాయి. ఆ మూలన తడి మళ్ళీ కనబడలేదు. బయట పడ్డ మూటతో పడవ విడిపించుకున్నారు. ఆ సాయంత్రం దీపంలో మూడు వత్తులూ వెలిగాయి. ఆ ఇంట్లో వాళ్ళు చల్లగా బతికారు.

అందుకే, అయినవాళ్ళు ఇస్తుంటే అప్పో, ఊరికేనో అడగడానికి సిగ్గుపడకూడదు. ఇచ్చేవాళ్ళని నోరారా చెప్పనివ్వాలి, నలుగురి ముందు నిలబడి వినాలి. నమ్మకం లేక కాదర్రా, వాళ్ళ మనసు తేలికపడాలని.

కథ ఏరు దాటిపోయింది, మీరిక మీ ఇళ్ళకి పొండి. అమ్మలు అన్నం వడ్డించి చూస్తుంటారు. వేడివేడిగా తినండి. మూడో ముద్ద ముందు ముట్టుకుని చూస్తావేంట్రా వెర్రినాగన్నా, అదీ వేడిగానే ఉంటుంది పో!