ఫోర్క్ సీలు ఎప్పుడు చిరిగింది

సుంకన్నకు ఒక్క మాట కావాలి. అది ఉస్తాద్ నోటి నుంచే రావాలి.

ఉస్తాద్ అంటే మహబూబ్ పీరా. ఆదోనిలో మోటారు సైకిళ్ళ షెడ్డు ఆయనది. మోకాళ్ళు పట్టేశాక పనంతా శిష్యుడు సుంకన్నకు వదిలేసి, స్టూలు మీద కూర్చుని చూస్తుండేవాడు. సుంకన్న చేతిలో వడి ఉంది. చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పేస్తాడని పేరు. ఆ పేరంటే అతనికీ ఇష్టమే.

ఉస్తాద్ ఊళ్ళో లేని రోజున టైలర్ కోసిగయ్య బండి తెచ్చాడు. "ముందర మెత్తగా దిగుతాంది, చూడు సుంకన్నా."

ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ రాడ్ల మీద కొంచెం జిడ్డు ఉంది. సుంకన్న తళతళలాడేట్టు తుడిచాడు. తుడిచాక బ్రేకు పట్టి, హ్యాండిల్ గట్టిగా కిందికి నొక్కి, రాడ్లలోని నూనెను ఆపే రబ్బరు సీలు దగ్గర నూనె మళ్ళీ ఊరుతుందేమో చూడాలి. అది చూడలేదు. "ఏం లేదు, పో మామా" అన్నాడు.

తర్వాత కొన్నాళ్ళకు సిరుగుప్ప రోడ్డులో గొర్రెల మంద అడ్డం వచ్చింది. కోసిగయ్య నొక్కినా ముందు చక్రం బ్రేకు పట్టలేదు. కింద పడి అతని కుడి మణికట్టు నుజ్జయింది. ఆ చేత్తో ఇక కత్తెర పట్టలేడన్నారు డాక్టర్లు.

సీలు నుంచి కారిన నూనె బ్రేకు మీద పడితే బ్రేకు జారుతుంది. కానీ కింద పడిన దెబ్బకు కూడా సీలు చిరగొచ్చు. అందరూ అదే అన్నారు. సుంకన్నకు మాత్రం ఆ మాట ఉస్తాద్ నోట వినాలనిపించింది.

దెబ్బతిన్న బండి షెడ్డుకు వచ్చిన రోజు అడిగాడు. "పడినప్పుడే చిరిగింటాది గదా ఉస్తాద్? మీరు చెప్పండి."

మహబూబ్ పీరా స్క్రూడ్రైవరూ గుడ్డ ముక్కా అతని చేతిలో పెట్టాడు. తర్వాత స్టూలు రోడ్డు వైపు తిప్పి, బండికి వీపు పెట్టి కూర్చున్నాడు.

సుంకన్న సీలు మీది రబ్బరు మూత పైకి లేపాడు. లోపల దుమ్మూ నూనే కలిసి, నల్లగా, గట్టిగా పేరుకుపోయి ఉంది. ఒక రోజులో పేరుకునేది కాదు. బ్రేకు ప్యాడు విప్పాడు. నూనె పీల్చి, కాగి, మాడి ఉంది.

గుడ్డ చేతిలోనే ఉంది. ఒక్కసారి తుడిచి, ప్యాడు అవతల పారేస్తే సాక్ష్యమేమీ ఉండదు. ఉస్తాద్ తల తిప్పలేదు.

రోడ్డు మీద బస్సులు పోతూనే ఉన్నాయి. సుంకన్న గుడ్డ కింద పెట్టాడు.

"పాతదే, ఉస్తాద్."

"ఊఁ."

"మీరు చూడరా?"

"నేను చూసేదేముంది? నువ్వు చూసినావు గదా."

ఆ సాయంత్రమే సుంకన్న కోసిగయ్య ఇంటికి పోయాడు. కోసిగయ్య కుట్టుమిషను ముందు కూర్చుని, ఎడం చేత్తో సూదిలోకి దారం ఎక్కించాలని చూస్తున్నాడు. సుంకన్న నిలబడే చెప్పాడు. తుడిచిన సంగతి, నొక్కి చూడని సంగతి, మూత కింద కనపడిన సంగతి.

కోసిగయ్య దారం కిందపెట్టాడు.

"ఆ పొద్దు నాకేం తొందర లేదబ్బా" అన్నాడు. "ఉండమంటే ఉండేవాణ్ణే."

దారం తీసుకుని మళ్ళీ సూది బెజ్జం వెతుక్కున్నాడు. సాయం పడదామని సుంకన్న చేయి చాపాడు. కోసిగయ్య తల అడ్డంగా ఊపాడు.

సుంకన్న షెడ్డుకు తిరిగొచ్చేసరికి ఉస్తాద్ షట్టరు సగం దించి, స్టూలు మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు.

"తిట్టలేదు ఉస్తాద్. తిట్టింటే బాగుండు."

సుంకన్న స్క్రూడ్రైవరు అందుకుని ఆయన ముందు పెట్టాడు.

"బండి ముట్టుకోవాలంటేనే భయమైతాంది. ఇంక ఈ పని నాతో కాదు."

మహబూబ్ పీరా మోకాలి మీద చేయి ఆనించి మెల్లగా లేచాడు. శిష్యుడి భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"ఆ భయం ఉండనీరా" అన్నాడు. "పొద్దున్నే రా."