ఐదు రెక్కల కాలేయం

పరాసు దేశంలో, అంటే ఇప్పుడు మనం ఫ్రాన్సు అంటున్నచోట, ఒకానొక చిన్న రాజ్యాన్ని తిబో మహారాజు ఏలేవాడు. ఆయనకు అడవిపందుల వేటంటే ప్రాణం. పంది పడగానే పక్కవాళ్ళను దూరం జరగమని, తనే కత్తి తీసి పొట్ట చీల్చి, కార్జాన్ని, అదే కాలేయాన్ని, చేత్తో పైకెత్తి చూపించి, వేటకుక్కలకు పంచేవాడు. అది వాళ్ళ వంశాచారం. ఆయనకు ఇంకో పిచ్చి కూడా ఉండేది. తన ఒళ్ళు జనం ఒళ్ళులాంటిది కాదని నమ్మేవాడు. తనకు జలుబు చేస్తే అది రాజజలుబనీ, ఊళ్ళోవాళ్ళ జలుబుతో దానికి చుట్టరికం లేదనీ నిండు సభలో చెప్పేవాడు.

ఆ పిచ్చికి రోజూ ఆజ్యం పోసేవాడు ప్రధాన వైద్యుడు గాస్పార్ పండితుడు.

ఈ గాస్పార్ వైద్యం నేర్పే పద్ధతి వింటే ఒళ్ళు మండుతుంది. చలికాలంలో ఉరితీసిన దొంగ శవాన్ని బల్లమీద పడుకోబెట్టేవారు. పండితుడు నిచ్చెన వేసుకుని ఎత్తయిన పీఠమెక్కి, ఏనాటిదో రోమాపురి వైద్యగ్రంథం తెరిచి చదివేవాడు. కింద మంగలి కోసేవాడు, ఆ రోజుల్లో కోతపని మంగళ్ళదే. చదివేవాడు కిందికి చూడడు, కోసేవాడికి పైన చదివేది అర్థం కాదు. కాలేయానికి ఐదు రెక్కలని గ్రంథంలో ఉండేది. బల్లమీద చూస్తే ఐదు లేవు. ఆ మాట ఎవరైనా నసిగితే గాస్పార్ తల వంచకుండానే, "దొంగవెధవ కదా, వాడి కాలేయం కూడా దారి తప్పింది" అనేవాడు. శిష్యులంతా బుద్ధిగా తలలూపేవారు. తప్పు ఎప్పుడూ శవానిదే, పుస్తకానిది కాదు!

అదే ఊళ్ళో ఒదీల్ అనే ఆవిడ ఉండేది. మనిషి లోపలి సంగతి ఆవిడకు తెలిసినంతగా ఆ రాజ్యంలో ఎవరికీ తెలియదు. ఆ మాట ఆవిడే నలుగురికీ చెప్పేది, అణకువ మాత్రం పిసరంత కూడా లేదు. ఆడదని పాఠశాల గడప తొక్కనివ్వలేదు. అయితేనేం, దిక్కులేని శవాలను పూడ్చిపెట్టే మఠంవాళ్ళను ఒప్పించి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, తనే కోసి చూసింది. చూసింది చూసినట్టు మైనంతో బొమ్మలు పోతపోసింది. వాటి రొమ్ము పెట్టె మూతలా తెరుచుకునేది. గుండె, ఊపిరితిత్తులు, పేగులు ఒక్కొక్కటే బయటికి తీసి చూసి మళ్ళీ సర్దవచ్చు.

ఆవిడకు ఇంత పట్టుదల ఊరికే రాలేదు. చెల్లెలు లూసీ తొలికాన్పు కష్టమైంది. బిడ్డ అడ్డం తిరిగాడు. పిలిస్తే గాస్పార్ వచ్చాడు. వచ్చి, పురిటి మంచం దగ్గరికి వెళ్ళడం తన హోదాకు తగదని గుమ్మంలోనే నిలబడి గ్రంథం చదివాడు. ఆయన చదవడం పూర్తయ్యేలోగా తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. పుస్తకం మూసి, "దైవేచ్ఛ" అని వెళ్ళిపోయాడు. దేవుడి మీదికి నెట్టడం ఎంత తేలికో చూడండి!

ఒదీల్ చేసిన బొమ్మలన్నిటిలో ఆవిడ ప్రాణంగా చూసుకునేది ఒకటుంది. అడ్డం తిరిగిన బిడ్డతో ఉన్న మైనపు గర్భం. చుట్టుపక్కల ఊళ్ళ మంత్రసానులు వచ్చి, అందులో చెయ్యిపెట్టి, బిడ్డను తిప్పడం నేర్చుకుని వెళ్ళేవారు. చచ్చిపోవలసిన తల్లులు బతకసాగారు. ఊళ్ళో జనం, "పండితుడి పుస్తకం కన్నా ఒదీలమ్మ మైనం నయం" అనడం మొదలుపెట్టారు.

గాస్పార్‌కు అది గిట్టలేదు. నేరుగా రాజు దగ్గరికి వెళ్ళాడు.

"మహాప్రభూ, ఆ మనిషి గ్రంథం తప్పంటోంది. గ్రంథం తప్పయితే నేను తప్పు. నేను తప్పయితే, ఏలినవారికి ఇన్నాళ్ళూ జరిగిన వైద్యం మాటేమిటి? పైగా రాజుకీ పడవవాడికీ లోపల తేడా లేదని బాహాటంగా చెబుతోంది."

చివరి మాట రాజుకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఒదీల్ ఇంటికి తాళం వేయించాడు. బొమ్మలన్నీ కరిగించి, తన పుట్టినరోజు విందుకు మైనపు వత్తులు పోయమని ఆజ్ఞ ఇచ్చాడు. మైనపు గర్భాన్ని అన్నిటికన్నా ముందు కరిగించాలని గాస్పార్ అడిగి మరీ రాయించాడు.

ఒదీల్ సభకు వచ్చింది. కోపంతో చెంపలు ఎర్రబడి ఉన్నాయి కాని, గొంతు మాత్రం చల్లగా ఉంది.

"మహాప్రభూ, ఆజ్ఞ శిరసావహిస్తాను. కాని నా తప్పేమిటో లోకానికి తెలియకుండానే నా బొమ్మలు కరిగిపోతే ఎలా? పండితులవారు గ్రంథం చదవనివ్వండి. వారు చదివింది చదివినట్టు ఒక్క బొమ్మ చేస్తాను. దాన్ని నా బొమ్మల పక్కన పెడితే ఎవరిది తప్పో చంటిపిల్లలకు కూడా తెలుస్తుంది."

"ఈ బుద్ధి మొదటే ఉండాల్సింది" అన్నాడు గాస్పార్.

"ఒక్క సందేహం, పండితులవారూ. గ్రంథంలో చెప్పింది ఎలాంటి మనిషిని? మాలాంటి మామూలు వాళ్ళనేనా?"

"ఛీఛీ! ఏ లోపమూ లేని ఉత్తమ పురుషుణ్ణి."

"అలాంటివారు మన రాజ్యంలో ఎవరైనా ఉన్నారాండీ?"

గాస్పార్ ఆ అవకాశం వదులుకుంటాడా? రాజు వైపు తిరిగి నడుము వంచాడు. "ఏలినవారు తప్ప ఇంకెవరు? గ్రంథంలో ఉన్నది అచ్చంగా ఏలినవారి శరీరమే."

రాజు మీసం దువ్వుకున్నాడు. "అయితే నా పుట్టినరోజున నా లోపలి వైభవాన్ని సభంతా చూడాలి. అంతవరకు తక్కిన బొమ్మల జోలికి పోకండి."

తాళం తీశారు. గాస్పార్ తన పీఠాన్ని ఒదీల్ ఇంటికి మోయించుకుని, పైనుంచి చదివాడు. ఒదీల్ కింద కూర్చుని, కిమ్మనకుండా మైనం మలిచింది. కాలేయానికి ఐదు రెక్కలన్నాడు, పెట్టింది. రొమ్ము ఎముక ఏడు ముక్కలన్నాడు, పెట్టింది. మెదడు అడుగున సన్నని నాళాల వల ఉంటుందన్నాడు, అల్లి పెట్టింది. ఒక్కొక్క అవయవం పూర్తికాగానే, "గ్రంథంలో ఉన్నట్టే ఉంది కదా? అయితే తమ ముద్ర వేయండి" అని పైకి అందించేది. ఆయన మురిసిపోతూ తన ఉంగరాన్ని మైనంలో గుచ్చేవాడు.

పుట్టినరోజు వచ్చింది. బొమ్మ మీద పట్టుగుడ్డ తొలగించగానే సభంతా ఆహా అంది. "ఎంత రాచఠీవి!" అన్నాడు మంత్రి, పేగులను చూస్తూ.

"ఇందులో ఉన్న ప్రతి అవయవమూ మన ప్రభువులదే, నా ముద్రే సాక్ష్యం" అని గాస్పార్ పీఠం మీదినుంచి చాటాడు.

అప్పుడు ఒదీల్ రాజుకు నమస్కరించింది. "మహాప్రభూ, అంతా కళ్ళతో చూశారు. తమ కాలేయాన్ని తాము చేత్తో పట్టుకుని చూసుకునే భాగ్యం ఏ రాజుకు దక్కింది? ఒకసారి పైకెత్తి సభకు చూపించండి."

రాజు సంబరంగా లేచి, బొమ్మ పొట్టలో చెయ్యిపెట్టి, కాలేయాన్ని బయటికి తీసి పైకెత్తాడు.

సింహాసనం కింద కునుకుతున్న వేటకుక్క బ్రిఫో గబుక్కున లేచింది. వచ్చి రాజు ముందు కుదురుగా కూర్చుంది. తోక ఆడిస్తూ, నాలుక వేలాడేసి, తన వాటా కోసం ఆయన చేతివంకే చూసింది.

ఎవరో కిసుక్కున నవ్వి, నోరు నొక్కుకున్నారు. రాజు కుక్కను చూశాడు. చేతిలోదాన్ని చూశాడు. వేళ్ళతో తడిమాడు.

"ఇది నాకు తెలుసు! నా చేత్తో ఎన్ని తీయలేదు? ఇది అడవిపంది కార్జం!"

"నన్ను పందిని చేశావా?" అని రాజు ఒదీల్ మీద గర్జించాడు.

"నేనా? ఇందులో నా చేతులు తప్ప నా మాట ఒక్కటీ లేదు. చదివింది ఎవరు? ముద్ర వేసింది ఎవరు? ఇది ఏలినవారి శరీరమేనని ఇప్పుడు చాటింది ఎవరు? వారినే అడగండి."

గాస్పార్ నోరు తెరిచాడు. రాజుదేనంటే రాజును పంది అన్నట్టు, పందిదంటే గ్రంథం పందిదని ఒప్పుకున్నట్టు.

"గ్రంథం రాసినాయనను నేను తప్పు పట్టను" అంది ఒదీల్. ఇప్పుడు ఆవిడ గొంతు చల్లగా లేదు. "మనుషుల శవాలను కోయనివ్వని రోజులవి. ఆయన పందులనూ కోతులనూ కోసి చూశాడు, చూసిందే రాశాడు. కళ్ళెదుట మనిషిని పెట్టుకుని కూడా పీఠం దిగి చూడనివాళ్ళను ఏమనాలి? ఆ పంది వైద్యంతోనే నా చెల్లెల్ని చంపారు. గుమ్మంలో నిలబడి మరీ చంపారు."

రాజు కాలేయాన్ని బల్లమీద పెట్టేశాడు. చేతులు పట్టుగుడ్డకు తుడుచుకుని అడిగాడు. "మరి నా లోపల ఎలా ఉంటుంది?"

కరిగించడానికి తెచ్చిన బొమ్మల్లో ఒకదాన్ని ఒదీల్ తెరిచింది. "ఇలా ఉంటుంది. ఇతను ఏట్లో మునిగిపోయిన పడవవాడు."

"పడవవాడా!" రాజు ముఖం మళ్ళీ ముడుచుకుంది. "నేనూ పడవవాడూ ఒకటేనా?"

"ఈ సభలో ఉన్నవి రెండు రకాల బొమ్మలే మహాప్రభూ. ఒకటి పడవవాడిది, ఒకటి పందిది. ఏలినవారికి ఏది నచ్చితే అదే ఖాయం చేసుకోండి."

రాజు పడవవాణ్ణి చూశాడు. పందిని చూశాడు. ఇంకా ఆశగా కూర్చున్న బ్రిఫోను చూశాడు. ఇక ఆపుకోలేక కడుపు పట్టుకుని నవ్వాడు. రాజు నవ్వగానే, అంతదాకా బిగబట్టుకున్న సభంతా విరగబడి నవ్వింది. ఆఖరికి గాస్పార్ కూడా నవ్వబోయాడు, నవ్వడానికి సిగ్గుండాలి.

"నేను పడవవాణ్ణే!" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "నీ బొమ్మలు నీవే. మెడలోని ఈ హారం కూడా నీదే. ఇంకేం కావాలో కోరుకో."

ఒదీల్ హారం వంక చూడలేదు. "ఆ పీఠం కాళ్ళు కోయించండి. కూర్చున్నవాడికి బల్లమీద ఉన్నది కళ్ళెదుటే కనపడాలి. ఇకనుంచి పాఠానికి మంత్రసానులను కూడా రానివ్వండి."

అక్కడికక్కడే వడ్రంగిని పిలిపించారు. గాస్పార్ దిగడానికి నిచ్చెన అవసరం లేకపోయింది. విందుకు వత్తులు కావాలి కాబట్టి, ముద్రలతో సహా పంది బొమ్మను కరిగించారు. ఆ వెలుగులోనే ప్రధాన వైద్యుడు ఆ పూట భోజనం చేశాడు.

ఒదీల్ విందుకు ఉండలేదు. మైనపు గర్భాన్ని దుప్పటిలో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి వచ్చింది. ఆ నవ్వులన్నిటిలోనూ ఆవిడ ఒక్కతే నవ్వలేదు. ఇంటిముందు మంత్రసానులు తలుపు తీస్తారని కాచుకుని ఉన్నారు. అందరికన్నా ముందున్నామెను లోపలికి పిలిచి, ఆమె చెయ్యి పట్టుకుని గర్భంలో పెట్టింది.

"ఇదిగో, ఇది పాదం. భయపడకు, మెల్లగా తిప్పు. మా లూసీకి ఇలాగే అడ్డం తిరిగాడు."